లింగ్‌జీ పథ్యం

మా మామగారు శేషగిరిగారి దృష్టిలో పుట్టగొడుగు తిండి కాదు, కుక్కగొడుగు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి పుట్టగొడుగుల కూర చేస్తే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు. ఆ మూకుడు కూడా పారేయించారు. ఆ తర్వాత నా వంటింట్లోకి పుట్టగొడుగు రాలేదు, తెనాలిలోనూ రాలేదు, ఐర్లండ్‌లోనూ రాలేదు.

అటువంటి మనిషి, కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో, డబ్లిన్ శివార్లలో ఆడమ్స్‌టౌన్‌లోని మా ఇంట్లో కూర్చుని, చైనా పుట్టగొడుగు పొడిని తేనెలో రంగరించి, తూర్పుకు తిరిగి దణ్ణం పెట్టుకుని మరీ నాకారు. కూరలో కనిపిస్తే కుక్కగొడుగు. పొడి కొట్టి, డబ్బాలో పోసి, పైన బంగారు రంగు అక్షరాలు అచ్చేస్తే దివ్యౌషధం.

ఆయన మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. విమానాలు ఆగిపోయాయి, ఆయన ఉండిపోయారు. మా ఆయన మహీధర్ మేడ మీద గదిలో తలుపేసుకుని సాఫ్ట్‌వేర్ చేస్తాడు. నేను వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని ఒక కంపెనీ జీతాల పని చూస్తాను. అంటే ఇంట్లో ఆఫీసు ఆయనకే ఉంది, నాకు పొయ్యి పక్కన జాగా ఉంది. మామగారంటే నాకు ప్రేమ పొంగిపొర్లుతుందని చెప్పను. కానీ ఎవరూ అడక్కుండానే ఆరిన బట్టలు మడిచి హాట్‌ప్రెస్‌లో, అదే, వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమారాలో, సర్దిపెట్టేవారు. నా చీరలు కూడా. అది నేను మర్చిపోను.

ఈ పుట్టగొడుగు సంగతి మొదట చెప్పింది మా పక్క వీధి కేశవరావుగారు. ప్రతి ఆదివారం జూమ్‌లో ఇక్కడి తెలుగువాళ్ళకి పారాయణం పెట్టే మనిషి. ఏ విషయమైనా పది నిమిషాల ముందు తెలుసుకుని రెండు గంటలు చెప్పగలరు. చైనా చక్రవర్తులు తిన్నారట, లింగ్‌జీ అంటారట, ఊపిరితిత్తుల చుట్టూ కోట కట్టేస్తుందట. మార్చిలో ఇదే జనం చైనావాళ్ళ కొట్టున్న వీధిలో నడవొద్దని ఒకళ్ళకొకళ్ళు మెసేజీలు పంపుకున్నారు. మా మామగారైతే నూడుల్స్ ప్యాకెట్లు బిన్‌లో వేయించి చేతులు కడుక్కున్నారు. డిసెంబరులో కొట్లు తెరిచేసరికి, డబ్లిన్‌లో అదే కొట్టు ముందు మాస్కులు పెట్టుకుని తెలుగువాళ్ళ వరస. కొట్టావిడ ఒక్కళ్ళని కూడా ఏమీ అనలేదు. నేనైతే అనేదాన్ని.

మహీధర్ కూడా ఒక డబ్బా తెచ్చాడు. మామగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"పథ్యం ఏమిట్రా?"

"పథ్యమేం లేదు నాన్నా. గోరువెచ్చని నీళ్ళలో ఒక చెంచా. అంతే."

"పథ్యం లేని మందేం మందురా. అవతల పెట్టు."

నాకు అప్పుడే బుర్రలో దీపం వెలిగింది. ఆయనకు బీపీ. ఉప్పు, ఊరగాయ తగ్గించమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినా, ఆవకాయ గురించి ఈ దేశం వాళ్ళకేం తెలుసని కొట్టిపారేసేవారు.

"పథ్యం ఉంది మామయ్యగారూ. కొట్టావిడ చెప్పిందట, ఈయనే మర్చిపోయారు. ఊరగాయలు, అప్పడాలు, వడియాలు ముట్టుకోకూడదట. మజ్జిగలో ఉప్పు వేసుకోకూడదట. సాయంత్రం చెరువు... కాదు, పార్కు చుట్టూ నడవాలట."

మహీధర్ నా వైపు చూశాడు. నేను అతని వైపు చూడలేదు. చెయ్యి తిరిగాక ఆపడం కష్టం. "ఇంకోటి. మందు వేడి చేస్తుందట. పొద్దున పదింటి నుంచి ఒంటిగంట దాకా మౌనంగా ఉండాలట." అవి నా మీటింగుల వేళలు.

మామగారి మొహం వెలిగిపోయింది. "అదీ, అలా చెప్పు. ఇది అసలైన మందు" అన్నారు.

ఆ రోజు నుంచి మా వంటింట్లో పొద్దుటి పూట శాంతి. ఆవకాయ జాడీ అడగలేదు. వానలో కూడా గొడుగు వేసుకుని నడిచారు. కొన్నాళ్ళకు బీపీ దిగింది. ఉప్పు మానేసి నడిస్తే దిగక ఏం చేస్తుంది? ఆయన మాత్రం డబ్బాకు దణ్ణం పెట్టారు. ఆదివారం జూమ్‌లో అందరికీ చెప్పారు: "అంతా మా అబ్బాయి కనుక్కొచ్చిన పథ్యం మహిమ." తెర మీద ఆ అబ్బాయి వినయంగా తల వంచుకున్నాడు. నేను అప్పుడు వెనకాల గిన్నెలు తోముతున్నాను.

ఇక చూడండి. పథ్యం ఉందని తెలిశాక గానీ లింగ్‌జీకి మనవాళ్ళలో విలువ రాలేదు. తలా ఒకటి కలిపారు. ఒకరు వంకాయ వద్దన్నారు, ఒకరు గోంగూర వద్దన్నారు, ఒకాయన శనివారం తల దువ్వుకోవద్దన్నాడు. కేశవరావుగారు నా మౌనవ్రతానికి సంస్కృతంలో శ్లోకం చదివారు. అది విన్నప్పుడు నాకే ఒక్క క్షణం, నిజంగా ఉందేమోనని అనుమానం వచ్చింది. ఆఖరున ఆయన తన వంతు చేర్చారు. మందు వాడినన్నాళ్ళూ ఇంగ్లీషు మందు ఒంట్లోకి పోకూడదు, సూది అసలే పనికిరాదు.

పోర్ట్‌లీష్ ఊళ్ళో ఉండే రామ్మోహన్‌గారు జూమ్‌లో అది విని షుగరు మాత్రలు మానేశారు. బాత్రూములో పడిపోతే అంబులెన్సు వచ్చింది. బతికారు. ఆ ఆదివారం కేశవరావుగారు విచారంగా నిట్టూర్చి, "పథ్యంలో ఎక్కడో తేడా చేసుంటారు" అన్నారు.

మా మామగారు బీపీ మాత్ర కూడా మానేస్తారని హడలిపోయాను. అదృష్టం, అవి తెనాలి నుంచి కొరియరులో తెప్పించుకుంటున్నవి. హైదరాబాదులో తయారైన మాత్ర ఇంగ్లీషు మందు ఎలా అవుతుందని ఆయనే తేల్చేశారు.

ఏప్రిల్‌లో జీపీ, అంటే మా పేట డాక్టరు, ఆఫీసు నుంచి ఫోను. డెబ్బై దాటినవాళ్ళకు టీకా వేస్తున్నారు, మీ మామగారిని గురువారం తీసుకురండి అని. ఆయన వింటూనే తల అడ్డంగా ఊపారు. సూది కూడదు కదా అన్నారు. పథ్యం చెడగొట్టేదాన్ని చూసినట్టు చూశారు నన్ను.

అప్పటికి ఇండియాలో కరోనా రెండో అల, అక్కడి నుంచి ఫోను వస్తే ఎత్తాలంటే భయం. గుంటూరులో మా బాబాయి ఆసుపత్రిలో మంచం దొరక్క కారులోనే పోయాడు. మా పిన్ని నాకు ఫోన్ చేసి ఏడవలేదు, కారు ఎక్కడ ఆపారో, ఎవరెవరిని అడిగారో వరసగా చెప్పింది, అంతే. ఇక్కడ ఒక మనిషికి ఇంటికి ఫోను చేసి మరీ టీకా వేస్తామంటున్నారు. నేను ఆవకాయ మాన్పించడానికి ఆడిన అబద్ధం అడ్డొచ్చి ఆ మనిషి పోతే? నిజం చెప్పేశాను.

"మామయ్యగారూ, ఆ పథ్యం నేను కల్పించింది. కొట్టావిడ ఏమీ చెప్పలేదు. సూది కూడదన్నది ఎవరో తర్వాత తగిలించారు."

ఆయన కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. జాలిగా నవ్వారు.

"నువ్వా? నీకంత తెలివెక్కడిదమ్మా. అది వేల ఏళ్ళ నాటి శాస్త్రం. కేశవరావుగారు శ్లోకంతో సహా చెప్పాడు. నన్ను సూదికి ఒప్పించాలని అనేశావులే, నీ మనసు నాకు తెలుసు."

నేను మహీధర్‌ని పిలిచాను. "మీరు పక్కనే ఉన్నారుగా, చెప్పండి."

మహీధర్ తండ్రి మొహం చూశాడు, నా మొహం చూశాడు, పైకప్పు చూశాడు. "కొట్టులో ఆవిడ ఏదో చెప్పినట్టే గుర్తు కమలా" అన్నాడు. ఆ పూట అతనికి టీ ఇవ్వలేదు. అలిగానని కూడా అతనికి తెలియలేదు, మేడ మీద మీటింగులో ఉన్నాడు.

అబద్ధం ఆడితే శాస్త్రమైంది, నిజం చెబితే అబద్ధమైంది. ఇక ఇంట్లో ఎవరితో మాట్లాడినా లాభం లేదని, సాయంత్రం పార్కులో కేశవరావుగారి భార్య శ్యామలాదేవిగారిని కలిశాను. పెద్దావిడ, పెళ్ళికి ముందు సంస్కృతం ఎమ్మే చదివింది. మాస్కులోంచే జరిగిందంతా చెప్పాను. ఆవిడ నడక ఆపేసింది.

"ఆ పథ్యం నువ్వా కట్టింది? అయితే శ్లోకం నాది" అంది. "పదింటి నుంచి ఒంటిగంట దాకా మగవాళ్ళు నోరు మూసుకోవాలన్న మాట వినేసరికి, వదలబుద్ధి కాలేదమ్మా. రాసి ఆయన పుస్తకం పక్కన పెట్టాను. ఆయనే కనిపెట్టినట్టు చదివేశారు."

ఇద్దరం బెంచీ రెండు కొసల కూర్చుని నవ్వాం. తర్వాత నేను ఏడ్చాను. మా బాబాయి సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది.

"మీ మామగారికి నువ్వు చెబితే ఎక్కదు. మా ఆయనకి నేను చెబితే ఎక్కదు. కానీ మా ఆయన చెబితే మీ మామగారికి ఎక్కుతుంది. ఆయన చెవిన ఎలా వేయాలో నాకొదిలెయ్. ఏం చెప్పాలో నువ్వు చెప్పు."

"మందుకి అనుపానం ఉంటుంది కదండీ, దానితో కలిపి పుచ్చుకునేది. లింగ్‌జీకి తేనె చాలదందాం. ఈ టీకాయే అసలు అనుపానం అందాం."

"సూది కూడదన్నారుగా?"

"అనుపానానికి మినహాయింపు ఉంటుంది."

"ఉంటుంది" అంది ఆవిడ గంభీరంగా. "శ్లోకం కూడా ఉంటుంది."

బుధవారం సాయంత్రం కేశవరావుగారు ప్రత్యేకంగా జూమ్ పెట్టారు. పీకింగ్‌లో ఎవరో పెద్ద పరిశోధకుడు రాశాడట, తాను రాత్రంతా కూర్చుని చదివారట. టీకా లేని లింగ్‌జీ వత్తి లేని ప్రమిదట. మామగారు చేతులు జోడించి విన్నారు. వింటూనే గురువారం ఎన్నింటికని నన్ను అడిగారు, నేనే ఆలస్యం చేస్తున్నట్టు.

టీకా వేసిన నర్సు ఇక్కడివాళ్ళ పద్ధతిలో, బాగుంది, అయిపోయిందన్నట్టు, "గ్రాండ్" అంటే ఆయన "థాంక్యూ" అని, పావుగంట కుర్చీలో బుద్ధిగా కూర్చున్నారు. నేను గోడకు ఆనుకున్నాను. ఈ మనిషి ఉంటాడు అనుకున్నాను. సంతోషమే, అచ్చమైన సంతోషం. కారెక్కాక ఆయన నోరు విప్పారు.

"చూశావా అమ్మాయ్. తెలిసినవాళ్ళు చెబితే అలా ఉంటుంది. నువ్వు టీకా టీకా అని గోల పెట్టావే గానీ, ఎందుకో ఒక్క ముక్క చెప్పగలిగావా?"

"లేదు మామయ్యగారూ."

"ఇంతకీ ఈ టీకాకి పథ్యం ఏమిటో. నువ్వేం చెప్పకు. ఆదివారం కేశవరావుగారిని అడుగుతాను."

ఇంటికి రాగానే, ఆయన చెప్పులు విప్పేలోగా పెరట్లోకి వెళ్ళి శ్యామలాదేవిగారికి ఫోన్ చేశాను. టీకా పడిందని చెప్పాను. పథ్యం అడుగుతున్నారని చెప్పాను.

"నీకేం కావాలో చెప్పు" అందావిడ.

"టీకా వేయించుకున్నవాళ్ళు ఇంట్లో ఆడవాళ్ళు చెప్పిన మాట మొదటిసారికే వినాలి అని చెప్పించండి."

"అది మాత్రం ఎవరూ నమ్మరమ్మా" అంది. "పెరుగు మానమందాం."