నాన్న చివరి మాటకు మూడు కాపీలు

కథలు రాసే మనిషితో కాపురం ఎలా ఉంటుందో చేసినవాళ్ళకే తెలుస్తుంది. అందరి ఇళ్ళల్లోనూ గోడలకు చెవులే ఉంటాయి, ఆ ఇంట్లో గోడలకు కలం కూడా ఉంది. కళ్ళజోళ్ళ దుకాణం నడిపే భర్త పొద్దున్నే చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఏదో గొణిగితే, వచ్చే వారం పత్రికలో ఎవడో గుమాస్తా అదే గొణుగుడు గొణిగేవాడు. పాపం, ఆ మహానుభావుడు ఇంట్లో నోరు తెరవడమే తగ్గించేశాడు.

ఆయన దుకాణానికి వెళ్ళగానే రచయిత్రి బల్ల తుడుచుకుని కూర్చునేది. రచయిత్రి బల్ల అనగానే ఏదో ఊహించుకోకండి, భోజనాల బల్లే. దానికి ఒక కోడు పొట్టి. ఆ కోడు కింద అచ్చుకు నోచుకోని నవల ఒకటి మడిచి దూర్చింది, అలాగైనా అది ఒకందుకు పనికొచ్చింది. కిటికీకి వీపు పెట్టి కూర్చునేది. వీధివైపు చూస్తూ కూర్చుంటే దారినపోయే ప్రతివాడూ కథలోకి జొరబడతాడని ఆవిడ భయం.

ఆవిడ పనితనంలో ఒక పద్ధతి ఉంది. ఏ ముఖ్యమైన ఘట్టమైనా మూడుసార్లు రాయాల్సిందే. ఒకటి ఏడుపు కాపీ, ఒకటి నవ్వు కాపీ, ఇంకోటి మూగ కాపీ, అంటే అందులో ఎవరూ నోరు విప్పరు. మూడింటినీ గిన్నెలు తోముకుంటూ పైకి చదువుకునేది. ఏది నిజంలా వినిపిస్తే అది పత్రికకు పంపేది. నిజంలా వినిపించడం వేరు, నిజం వేరు అని ఎవరైనా చెబితే వినే రకం కాదు.

నాన్న పోయిన సాయంత్రం కూడా ఆవిడ ఆ పనే చేసింది. ఏం మనిషమ్మా ఈవిడ అనుకోకండి. కొందరు గుండెలు బాదుకుంటారు, కొందరు మంచం పడతారు, ఈవిడకు కాగితం మీద తప్ప ఏడవడం చేతకాదు. ఆసుపత్రి గదిలో నాన్న చివరి ఊపిరి వదిలినప్పుడు పక్కన ఉన్నది ఈవిడొక్కతే. భర్త మందుల కోసం కిందికి వెళ్ళాడు. అక్క ఇంకా దారిలో ఉంది.

మూగ కాపీలో నాన్న గోడవైపు తిరిగి పడుకుని, ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయాడు. నవ్వు కాపీలో దుప్పటి అంచు పట్టుకుని, ఈ కుట్టు వేసినవాడి చేతులు విరగ్గొట్టాలన్నాడు. నాన్న దర్జీ మరి. ఏడుపు కాపీలో కళ్ళు తెరవకుండానే, పెద్దది ఏమైనా తిన్నదా అని అడిగాడు. మూగదాన్ని ఒక కథలో వాడేసింది. కొన్నాళ్ళకు నవ్వుదాన్ని ఒక నవలలో పెట్టింది. ఏడుపుది అలాగే పడి ఉంది. ఈమధ్య రాస్తున్న సీరియల్లో తండ్రి పాత్ర పోవాల్సి వచ్చేసరికి, ఆ వారం సంపాదకుడు తొందర పెడుతుంటే, దాన్నీ తీసి పంపేసింది.

అది అచ్చయిన మర్నాడు అక్క వచ్చింది.

అక్క సంగతి చెప్పాలి. ఆవిడా దర్జీయే. నాన్న మిషను పక్కనే పెరిగింది, నాన్న చేతి కిందే కత్తెర పట్టింది. ఒకనాడు ఏదో కత్తిరింపు దగ్గర మాటా మాటా పెరిగి, నాన్న దుకాణానికి సరిగ్గా ఎదురుగా, వీధికి అవతలి పక్కన, సొంత దుకాణం తెరిచింది. నాన్న దగ్గర కుట్టించుకునేవాళ్ళు ఒక్కరొక్కరే వీధి దాటారు. ఎదురెదురుగా రెండు మిషన్లు పొద్దంతా ఆడేవి, మనుషులిద్దరి మధ్యా మాత్రం పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. పోయేదాకా నాన్న ఆవిడతో మాట్లాడలేదు. చివరి చూపుకైనా తనను తలుచుకోలేదని అక్క నమ్మకం. ఆ నమ్మకంతోనే ఇన్నేళ్ళూ తలవంచుకుని కుడుతోంది.

అలాంటి మనిషి చేతిలో పత్రికతో గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నాన్న ఈ మాట నిజంగా అన్నాడా?" అని అడిగింది.

రచయిత్రి తేలు కుట్టిన దొంగలా వంటింటివైపు తిరిగింది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయంది. పొయ్యి మీద పాలే లేవు. అక్క అటు తొంగి చూసి, ఇటు చెల్లెలి మొహం చూసింది.

"రేపు దుకాణానికి రా. అన్నాడంటే అన్నాడని చెప్పు, లేదంటే లేదని చెప్పు. నాకు కథ వద్దు."

అక్క వెళ్ళగానే రచయిత్రికి అసలు దిగులు పట్టుకుంది. చెప్పడానికేముంది, జ్ఞాపకం చేసుకుని చెప్పేస్తే సరి అనుకుంది. తీరా జ్ఞాపకం చేసుకోబోతే ముగ్గురు నాన్నలు వచ్చి కూర్చున్నారు. ఒకాయన గోడవైపు తిరిగాడు, ఒకాయన దుప్పటిని తిట్టాడు, ఒకాయన పెద్దది తిన్నదా అన్నాడు. ముగ్గురికీ అదే గరుకు గడ్డం, అదే పొడి దగ్గు. ముగ్గురి మొహం మీదా కిటికీలోంచి అదే సాయంత్రపు వెలుతురు పడుతోంది. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఈవిడ చేతిలో పడ్డాక నిజానికి నిలకడ ఎక్కడిది?

కాలుగాలిన పిల్లిలా గదులన్నీ తిరిగింది. మాట మరీ బాగుంటే అది తన కల్పనే అయి ఉంటుందని ఒక లెక్క వేసింది. ఆ లెక్కన దుప్పటి మాట కల్పన కావాలి. కానీ నాన్న బతికినన్నాళ్ళూ మాట్లాడింది అచ్చం అలాగే, తన కథల్లో జనం మెచ్చుకున్న మాటల్లో సగం ఆయన నోట్లోంచి ఊడిపడినవే. పెద్దది తిన్నదా అన్నది మరీ సాదా మాట, కనుక అదే నిజమా? సాదా మాటలు రాయడానికే కదా తాను ఇన్నేళ్ళూ చేతులు నొప్పెట్టేలా తంటాలు పడింది! పోనీ ఏమీ అనలేదనుకుందామంటే, మనసు ఒప్పుకోవడం లేదు. మనసు ఒప్పుకోనంత మాత్రాన ఆ మనిషి మాట్లాడినట్టా?

సాయంత్రం భర్త రాగానే పట్టుకుంది. ఆరోజు గదిలోకి తిరిగొచ్చినప్పుడు ఏం చూశారో చెప్పమంది. ఏం చూస్తానే, నువ్వు స్టూలు మీద కూర్చుని ఉన్నావు, అప్పటికే అంతా అయిపోయింది అన్నాడాయన. నాన్న మొహం కిటికీవైపు ఉందా గోడవైపు ఉందా అని అడిగింది. ఆయన చెప్పులు విప్పుతున్నవాడల్లా ఆగాడు.

"ఏ కిటికీ? ఆ గదికి కిటికీ లేదే. పగలు కూడా లైటు వేసుకునే ఉన్నాం కదా."

అప్పుడు తెలిసింది రచయిత్రికి. కిటికీ తనదే. వెలుతురు కావాలని ఎప్పుడో కథలో పెట్టుకుంది. పెట్టుకున్న సంగతి కూడా మరిచిపోయింది. లేదని తెలిశాక కూడా కళ్ళు మూసుకుంటే ఆ కిటికీ ఊచలతో సహా కనిపిస్తోంది. నాన్నను పోగొట్టుకున్నది ఆసుపత్రిలో కాదు, ఈ భోజనాల బల్ల మీద అనిపించింది. అప్పుడు ఏడ్చింది. కాగితం లేకుండా ఏడ్చింది.

పొద్దుటికల్లా ఒక నిర్ణయానికి వచ్చింది. అన్నాడనే చెప్పాలి. దానివల్ల ఎవరి కొంపా మునగదు, అక్క ప్రాణం మాత్రం కుదుటపడుతుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా, అందుకని గిన్నెలు తోముతూ ఆ మాటను అటూ ఇటూ అని చూసుకుంది. బాగా వచ్చిందనుకున్నాక చెప్పులు వేసుకుంది.

దుకాణంలో అక్క ఒక్కతే ఉంది, లంగా అంచు కుడుతోంది. చెల్లెల్ని చూసి మిషను ఆపింది.

"అన్నాడక్కా," అంది రచయిత్రి.

"ఎలా అన్నాడో అను."

రచయిత్రి గొంతు సవరించుకుంది. పెద్దది ఏమైనా తిన్నదా అని, నాన్న ఊపిరి ఆగి ఆగి వచ్చినట్టే అంది. చక్కగా వచ్చింది. మరీ చక్కగా వచ్చింది.

అక్క మిషను మీంచి కాలు తీసింది. "నాన్న నన్ను పెద్దదీ అని ఏనాడు పిలిచాడే?"

పిలవలేదు. అక్క నోటి పదునుకు నాన్న పెట్టిన పేరు కత్తెర. ముద్దొచ్చినా కత్తెరే, కోపమొచ్చినా కత్తెరే. చదివినవాళ్ళు ఎవరో పోల్చుకుంటారని ఏడుపు కాపీ రాసేటప్పుడే రచయిత్రి దాన్ని పెద్దది అని మార్చింది. ఇప్పుడు కత్తెర అని పెట్టి ఆ మాటను నాన్న గొంతులో వినబోతే అసలు గొంతే వినిపించడం లేదు. ఇక దాచడానికేం మిగల్లేదు. బట్టల మూటల పక్కన నేల మీద కూలబడి, వెక్కుతూ అంతా చెప్పేసింది. మూడు కాపీల సంగతీ చెప్పింది, లేని కిటికీ సంగతీ చెప్పింది. ఏది జరిగిందో, ఏది తాను రాసిందో తనకు తెలియడం లేదంది. నాన్న దగ్గర ఉన్నది తానొక్కతే, ఆ ఉన్న ఒక్క మనిషీ ఇలాంటిదైపోయిందంది.

తిడుతుందనుకుంది. అక్క తిట్టలేదు.

"అయితే అనలేదని కూడా నువ్వు ఒట్టేసి చెప్పలేవు," అంది నెమ్మదిగా.

"చెప్పలేనక్కా."

"ఇన్నాళ్ళూ అనలేదనే అనుకున్నాను." అక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కాలు మళ్ళీ మిషను మీద పెట్టింది, చక్రం తిరిగింది. కుడుతూనే, తల ఎత్తకుండా అంది, "చాలు. ఇక దీన్ని ఎక్కడా రాయకు."

రాయనని మాట ఇచ్చి రచయిత్రి రోడ్డు మీద పడింది. అంగడికి పంపిన పిల్ల సరుకు పేరు మరిచిపోకుండా వల్లించుకున్నట్టు, చాలు, ఇక దీన్ని ఎక్కడా రాయకు, అని దారి పొడవునా వల్లించుకుంది. ఇంటికి కాదు, తిన్నగా భర్త దుకాణానికి వెళ్ళింది. ఈ ఒక్కటైనా పాడవకూడదు, దీనికి రెండో సాక్షి ఉండాలి అని ఆవిడ తాపత్రయం. ఉన్నదున్నట్టు చెబుతాను, గుర్తు పెట్టుకోండి, రేపు నేను మార్చి చెబితే మీరు పట్టుకోవాలి అంది.

ఆయన చేతిలోని అద్దం తుడవడం ఆపి శ్రద్ధగా విన్నాడు. ఒట్టేసి చెప్పలేవని వదిన అన్నదీ, చాలు అన్నదీ అంతా విన్నాడు. తర్వాత, కళ్ళు పరీక్షకు వచ్చినవాళ్ళను ఇలా బాగుందా, అలా బాగుందా అని అడిగే గొంతుతోనే అడిగాడు.

"చాలు అన్నప్పుడు వదిన కుడుతూ అందా, మిషను ఆపి అందా?"

రచయిత్రి నోరు తెరిచింది. మిషను చప్పుడు వినిపించింది. ఆగిపోయిన మిషను దగ్గర నిశ్శబ్దమూ అంతే బాగా వినిపించింది. ఆవిడ అక్కడే, కళ్ళజోళ్ళ అద్దాల పెట్టె ముందు, నోరు తెరిచి అలాగే నిలబడింది.