రాజమ్మాళ్ ఫారంలో చచ్చిన కోళ్లు

మేలూరు అవతల రాజమ్మాళ్ కోళ్ల ఫారంలో ఆరాయి, ఆమె మొగుడు ఇరుళప్పన్ కూలికి ఉండేవారు. ఆ ఏడు ఎండలు ముదరకముందే ఒక షెడ్డులో కోళ్లు మేత ముట్టడం మానేశాయి. తురాయిలు నల్లబడి, ముఖాలు వాచి, గుంపులుగా ఒరిగిపోయాయి. ఇరుళప్పన్ వాటిని వట్టి చేతులతో సంచుల్లో కుక్కి, ఫారం వెనక గుంత తీసి పూడ్చాడు.

“వెయిలుకు, ఎండకు చచ్చినాయి. యార్‌కిట్టయుం సొల్లాదే, ఎవరితోనూ అనొద్దు,” అంది రాజమ్మాళ్.

బయట తెలిస్తే ఫారం మూతపడుతుంది, పని పోతుంది. ఇద్దరూ తలలూపారు.

తర్వాత ఇరుళప్పన్‌కు జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. రాజమ్మాళే తన కారులో మదురై ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు నివేదిత తమిళంలో, ఈమధ్య కోళ్లుగానీ పశువులుగానీ చచ్చాయా అని అడిగింది. ఆరాయి నోరు తెరిచేలోపు రాజమ్మాళ్ ఆమె భుజం మీద చెయ్యి వేసింది. మెత్తగానే వేసింది.

“లేదమ్మా,” అంది ఆరాయి.

రెండు మూడు రోజుల్లో ఇరుళప్పన్‌కు ఊపిరి అందడం కష్టమైంది. పెదవులు నీలమయ్యాయి. ఆరాయి ఇక ఆగలేక డాక్టరును వెతుక్కుంటూ పోయి అంతా చెప్పేసింది. నివేదిత వెంటనే మందు మార్చింది. గొంతులోంచి నమూనా తీసి పరీక్షకు పంపించింది. “మొదటే చెప్పుంటే...” అని మిగతా మాట మింగేసింది. బర్డ్ ఫ్లూ అని తేలేసరికి ఇరుళప్పన్ లేడు.

ప్రభుత్వం పంపిన తెల్ల సూట్ల మనుషులు వచ్చి ఫారంలో కోళ్లన్నిటినీ చంపారు. చుట్టుపక్కల ఇళ్లలో గంపల కింద మూసిన కోళ్లనూ వదల్లేదు.

“కోళ్లు చచ్చినాయని పనోళ్లు నాతో చెప్పనే లేదు,” అంది రాజమ్మాళ్ అధికారులతో.

“మీరే గదమ్మా చెప్పొద్దంటిరి!” అని అరిచింది ఆరాయి.

రాజమ్మాళ్ ఆమె వైపు చూడనైనా చూడలేదు. ఆరాయి మాటకు సాక్ష్యం పలకాల్సినవాడు మట్టిలో ఉన్నాడు.

“మొగుడు ఎట్లాగూ పోయినాడు. నీ నోరు ఊరక ఉండింటే మా కోళ్లన్నా మిగులును గదే,” అంది పక్కింటి సంతానలక్ష్మి. కర్మ నాడు ఆ వీధిలోంచి ఒక్కరూ రాలేదు. జ్వరం అంటుకుంటుందని కొందరు, కోపంతో కొందరు.

వానలు పడ్డాక ఫారంలోకి కొత్త కోడిపిల్లలు దిగాయి. ఆరాయిని పిలవలేదు. ఆమె చోట సంతానలక్ష్మి చేరింది. సంగతి తెలిసి ఆరాయి ఆ ఇంటి గుమ్మం దాకా పోయింది.

“అక్కా, కోడి చస్తే చేత్తో ముట్టొద్దు. జొరం వస్తే దాచొద్దు.”

“నా పనిమీద పడినాదా నీ కన్ను?” అంది సంతానలక్ష్మి, తలుపు వేసుకుంటూ.