మళ్ళీ అడగాలి

నాకు సాఫ్ట్‌వేర్ మీద అభిప్రాయాలు ఎక్కువ, ఓపిక తక్కువ. దంతెవాడలో మా ఆఫీసులో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. నల్ల తెర పెట్టుకుని కోడ్ రాసేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. పక్కనే కిటికీలోంచి ఎండ కొడుతుంటే ఆ తెరలో వాళ్ళకు కనబడేది వాళ్ళ మొహమే. ఎక్సెల్‌ను తిట్టేవాళ్ళంటే అసలు గిట్టదు. ఇక్కడ ఏ ఆఫీసుకు వెళ్ళినా పని దాని మీదే నడుస్తుంది. తిట్టేవాడు ముందు దానికంటే మంచిది ఒకటి రాసి చూపించాలి. ఇక ఈమధ్య వచ్చిన ఏఐ ఉంది. నేను సగం మాట టైపు చేసేలోపే మిగతా పేజీ నింపేస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. వాడను అనను, వాడతాను. కానీ అది రాసింది చదివి, దాని తప్పులు ఏరి, సరిచేసే వ్యవధిలో ఒకప్పుడు నా పక్కన పనిచేసిన సోమి అయితే అదే పని శుభ్రంగా ముగించి ఇంటికి వెళ్ళిపోయేది.

సోమి ఉద్యోగం మానేసి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళూ నాకున్న కోరిక ఒక్కటే, ఆమె తిరిగి రావాలి. ఆఫీసుకు కాదు, నా దగ్గరికి. ఇందులో దాచేదేమీ లేదు, దాచినందువల్ల ఒరిగిందీ లేదు.

మేమిద్దరం ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవాళ్ళం. ఆఫీసులో ఉన్న మంచి మెషీన్ అదొక్కటే. ఒకరు టైపు చేస్తుంటే ఇంకొకరు తప్పులు పట్టాలి. ఇద్దరికీ కనబడాలని సోమి అక్షరాలు బాగా పెద్దవి చేసి పెట్టేది. నాకు చిన్న అక్షరాలు ఇష్టం, తెర మీద ఎక్కువ వరుసలు పడతాయి. ఆ విషయంలో రోజూ పోట్లాట. ఆమె వెళ్ళాక మార్చుకోవడానికి నాకు అడ్డేమీ లేదు, కానీ మార్చలేదు. కొత్తగా చేరినవాళ్ళు నాకు చూపు మందగించిందని అనుకుంటున్నారు.

నా పేరు ఆయతు. మేం డోర్ల తెగవాళ్ళమే కానీ మా తాత కాలంలోనే ఊరు వదిలి బచేలి గనుల దగ్గరికి వచ్చేశాం. మా నాన్న డంపర్ డ్రైవర్. నేను పుట్టిందీ పెరిగిందీ కంపెనీ క్వార్టర్లలో. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, దసరాకు ఆంధ్రావాళ్ళతో బొమ్మల కొలువు. డోర్లల పద్ధతులు అడిగితే మా నాన్న, నేను ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. సోమిది కోంటా దగ్గర శబరి నది ఒడ్డున ఊరు. ఆమె కూడా డోర్ల పిల్లే, భద్రాచలంలో చదువుకుంది. నాకు లేని ఊరంతా ఆమెకు ఉంది.

మేం రాసింది ఊళ్ళలో తిరిగే ఆరోగ్య కార్యకర్తల కోసం ఒక ప్రోగ్రామ్. వాళ్ళను ఇక్కడ మితానిన్లు అంటారు. ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, కడుపుతో ఉన్న ఆడవాళ్ళ పేర్లు ఎక్కించి, కాన్పుకు ఆసుపత్రికి వస్తారా అని అడగాలి. సిగ్నల్ లేకపోయినా పనిచెయ్యాలి, దొరికినప్పుడు వివరాలు మాకు పంపాలి. దాన్ని నిలబెట్టడానికి ఏడాది పట్టింది. ఆ ఏడాదిలోనే నాకు సోమి మీద మనసు పడింది. ఆమెకూ నా మీద ఉందని, బస్సులో నా పక్క సీటు మీద తన సంచి పెట్టి ఇంకెవర్నీ కూర్చోనివ్వనప్పుడు తెలిసింది.

మాఘంలో మా నాన్న, బాబాయి, నేను సోమి ఇంటికి పిల్లనడగడానికి వెళ్ళాం. ఇప్పసారా సీసా ఒకటి పట్టుకెళ్ళాలన్నంతవరకు మా నాన్నకు తెలుసు. సోమి నాన్న ఇర్మా మాకు మంచం వేసి కూర్చోబెట్టాడు. దారి గురించి, పంట గురించి మాట్లాడాడు. మా నాన్న విషయం చెప్పాక సీసా వైపైనా చూడలేదు.

“లేదు,” అన్నాడు. “ఈ ఏడు పిల్లనియ్యం. సీసా తీస్కపోండ్రి.”

అంతే. ఆయన మొహంలో కోపం లేదు, విసుగు లేదు. సోమి రోడ్డు దాకా వచ్చి బస్సు ఆపింది. నేనెక్కుతుంటే “మళ్ళొస్తరు గదా?” అంది. ఇంటికొచ్చిన వాళ్ళను అందరూ అలాగే పంపుతారు కదా అనుకున్నాను. తిరుగు ప్రయాణంలో మా నాన్న ఒక్క ముక్కే అన్నాడు: “లేదన్నాక ఏం చేస్తాం రా.” నాకూ అదే న్యాయంగా తోచింది. నా తల కొట్టేసినట్టయింది, అది వేరే సంగతి.

ఆ తర్వాత ఆఫీసులో ఆమెతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. వారం తిరిగేసరికి సోమి ఒక కొత్త పేచీ పెట్టింది. ఆసుపత్రికి వస్తారా అన్న ప్రశ్న కింద మేం రెండే గడులు పెట్టాం: అవును, లేదు. మూడోది కావాలంది.

“మా దిక్కు పెద్దోళ్ళు మొదటిసారే ఊ అనరు ఆయతూ. లేదంటరు. మళ్ళ పోవాలె, మళ్ళ అడగాలె. నీ ప్రోగ్రామేమో లేదని నొక్కంగనే ఆ ఇంటిని లిస్టులకెల్లి తీసేస్తది.”

“లేదంటే లేదు,” అన్నాను. “కంప్యూటర్‌కి మొహమాటాలు తెలియవు.”

“కంప్యూటర్‌కు తెల్వదు సరే. నీకు?”

ఇక్కడ నా ఇంకో అభిప్రాయం చెప్పాలి. ఏదైనా చెరిపేసేటప్పుడు ‘నిజంగానేనా?’ అని అడిగే సాఫ్ట్‌వేర్ అంటే నాకు ఒళ్ళు మంట. చెరపమన్నాను, చెరుపు. నన్ను చిన్నపిల్లవాడిలా రెండోసారి అడగడమేమిటి? నేను రాసిన ఏ ప్రోగ్రామ్‌లోనూ ఆ ప్రశ్న ఉండదు. సోమి దానికీ నన్ను వెక్కిరించేది. మిషిన్‌కున్న మర్యాద నీకు లేదు అనేది.

ఆరు రోజులు పోట్లాడింది. నేను ఒప్పుకోకపోతే ఆదివారం తనే వచ్చి మూడో గడి పెట్టేసింది: ‘మళ్ళీ అడగాలి’. సోమవారం చూశాను. రెండు రంగుల్లో చక్కగా వచ్చే రిపోర్టు మూడు రంగులై పాడైంది. రిపోర్టు ఒక సాకు. నిజానికి లోపల ఇంకా కాలుతోంది, ఆమె నాన్న చెప్పిన ఆ ఒక్క మాట. ఆమె చూస్తుండగానే ఆ గడి తీసేశాను. నా ప్రోగ్రామే కనుక నిజంగానేనా అని అదీ అడగలేదు.  ఉగాది వెళ్ళాక సోమి ఉద్యోగం మానేసి ఊరికి వెళ్ళిపోయింది.

ఫోన్ నంబర్ నా దగ్గర ఉంది. ఈ రెండేళ్ళలో వాట్సాప్‌లో ఆమె పేరు తెరిచి ఎన్నిసార్లు టైపు చేసి చెరిపేశానో లెక్కలేదు. ఆమె ఫోటో మారినప్పుడల్లా పెద్దది చేసి చూసేవాణ్ణి. ఒకసారి ఫోటోలో శబరి, ఒకసారి మేకపిల్ల. ఆమె మొహం ఒక్కసారీ పెట్టలేదు. లేదన్న ఇంటి పిల్లను విసిగించకూడదన్నది నా నీతి. నా నీతి చూసుకుని నేనే మురిసిపోయేవాణ్ణి కూడా.

ఈ వైశాఖంలో ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ వచ్చింది. నాలుగు ఊళ్ళలో సిగ్నల్ దానికి సరిపోలేదు, ఎవరో ఒకరు వెళ్ళి ట్యాబ్‌లలో ఎక్కించి రావాలి. ఆ నాలుగింటిలో ఒకటి సోమి ఊరు. వేరేవాళ్ళను పంపుతామంటే నేనే వెళ్తానన్నాను. 

ఆ ఊరి మితానిన్ బుధ్రి, సోమికి మేనత్త. పేరు ఫైళ్ళలో చాలాసార్లు చూశాను. వివరాలు ఆలస్యంగా పంపేవాళ్ళలో ఆమెది మొదటి పేరు, మూడుసార్లు ఆఫీసు నుంచి మందలింపు రాసి పంపింది నేనే. ఆమె ట్యాబ్ తెరిచి చూస్తే పదకొండు ఇళ్ళు సగం నింపి వదిలేసి ఉన్నాయి. అన్నిట్లోనూ ఆసుపత్రి ప్రశ్న ఖాళీ.

“ఇదేమిటి పెద్దమ్మా, ఇక్కడ ఏదో ఒకటి నొక్కాలి కదా?”

“నొక్కితే ఆ ఇల్లు పోతది గద కొడకా,” అంది ఆమె. “మొదటిసారి అడుగుతే లేదంటరు. ఇంగో వారానికి పోతే మళ్ళ లేదంటరు. మూడోసారి పోయినంక సరే అంటరు. గందుకే మూడోసారి దాక ఏది నొక్కను. గా మాత్రం ఆగకుంటే ఎట్ల? ఒక్కసారికే సరే అంటే ఇంటికి పరువుంటదా?”

“అన్నిటికీ ఇంతేనా?”

ఆమె ట్యాబ్ మీంచి తలెత్తి నన్ను పరీక్షగా చూసింది. “నువ్వు బచేలి పిలగానివి గదా? మాఘంల ఒక్కసారొచ్చి పోయిన పిలగానివి.”

అవునన్నాను.

“మా అన్న ఆ ఏడంత చూసిండు, మళ్ళొస్తరని. రెండోసారొస్తే కూసోబెట్టి కూర వండాలె అని కోడిని గూడ ఉంచిండు. ఎందుకు రాలే? ఒక్కసారికే పిల్లనిస్తరా ఎవలన్న?”

నేను ట్యాబ్ కింద పెట్టాను. ఈ రెండేళ్ళలో రాని ఏడుపు అప్పుడొచ్చింది, ఆమె ముందే. సోమి ఆరు రోజుల పోట్లాట, ఆ మూడో గడి, బస్సు దగ్గర అడిగిన మాట, అన్నీ ఒక్కసారే అర్థమైతే మనిషి తట్టుకోవడం కష్టం. బుధ్రి కంగారుపడి నీళ్ళు తెచ్చింది. సోమికి పెళ్ళయిందా అని అడిగాను.

“కాలే. కోంటల మాస్టరుపని చేసే జోగే అని, ఆళ్ళోళ్ళు వచ్చిన్రు. ఉగాది ముందొకసారి, మొన్నొకసారి.” ఆమె వేళ్ళు చూపించింది. “రెండయినయ్. మూడోసారి ఇంకా రాలే.”

ఆ చివరి మాట పట్టుకుని లేచాను. మిగతా మూడు ఊళ్ళ సంగతి మర్చిపోయాను. సోమి రోడ్డు మీద ఆన్‌లైన్ సెంటర్ నడుపుతోంది. ఊళ్ళోవాళ్ళకు సర్టిఫికెట్లు, బడి ఫారాలు తీసిస్తుంది. నేను వెళ్ళేసరికి ఒక్కతే ఉంది, ప్రింటర్ మూత తీసి ఇరుక్కున్న కాగితం లాగుతోంది. కాస్త నల్లబడింది. అంతకుమించి ఏమీ మారలేదు.

“ఏంది ఆయతూ, ఇట్లొచ్చినవ్?”

“మళ్ళీ వచ్చాను,” అన్నాను.

ఆమె చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. వివరించనక్కర్లేకుండానే ఆమెకు అర్థమైంది.

“ఎవరు చెప్పిన్రు?”

“మీ మేనత్త. నాకు తెలియదు సోమీ. మా నాన్నకూ తెలియదు. నువ్వైనా ఒక్క మాట చెప్పాల్సింది.”

“నేను చెప్పిన.”

“అది ఫారం గురించి అనుకున్నాను.”

“ఉత్త ఫారం కోసం ఎవలన్న ఆరు రోజులు కొట్లాడతరా?” అంది. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయం వేసింది.

“మా నాన్నని తీసుకుని రేపే వస్తాను. మీ నాయన లేదన్నా మళ్ళీ వస్తాను, ఎన్నిసార్లైనా వస్తాను. నువ్వు లేక నేను బాగాలేను సోమీ. ఒక్కరోజు కూడా బాగాలేను.”

ఆమె కాగితం బల్ల మీద పెట్టి, ముడతలు పోయేదాకా చేత్తో సాపు చేసింది.

“రెండు ఎండకాలాలు, బస్సాగినప్పుడల్ల బయటికొచ్చి చూసిన. దిగేటోళ్ళందరిని చూసిన. ఇంటోళ్ళు నవ్విన్రు. తర్వాత ఒకనాడు బస్సొచ్చింది, నేను ఫారం నింపుకుంట కూసున్న, లేవలే. లేవలేదని గూడ సందెకే యాదికొచ్చింది.” ప్రింటర్ మూత మూసింది. “జోగే మంచోడు. ఆయనంటే నాకిష్టమే. ఆళ్ళు మూడోసారి వచ్చిననాడు సీసా మూత తీసి ఊ అనమని నేనే మా నాయినకు చెప్త.”

“సోమీ...”

“మా నాయిన లేదంటే మళ్ళ రావొచ్చు ఆయతూ. అది పెద్దోళ్ళ మాట. ఇప్పుడు అంటున్నది నేను. లేదు.”

ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి కానీ చూపు కదలలేదు. అది ఎలాంటి లేదో నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. సరేనన్నాను. సంచి భుజానికి తగిలించుకుని, బస్సెప్పుడు వస్తుందని అడిగాను. ఇంకో అరగంట ఉందంది.

“అందాక కూసొని చాయ్ తాగి పోతవా?”

వద్దన్నాను. ఇంకోసారి అడిగితే కూర్చునేవాణ్ణే. బచేలి మనిషి వద్దంటే వద్దనే అనుకుని, ఆమె మళ్ళీ ప్రింటర్ మూత తీసింది.