మొదటి నుంచి చివరిదాకా ఒకే డాక్టరు

ఆ సంతాన సాఫల్య కేంద్రం గుమ్మం పక్కన, గొడుగులు పెట్టే స్టాండుకి పైన, గోడకి ఒక చిన్న తెర బిగించి ఉంది. దాని మీద మూడు మొహాలు: నవ్వేది ఒకటి, ఉలుకూ పలుకూ లేనిది ఒకటి, ఏడ్చేది ఒకటి. వైద్యం అయ్యి బయటికి వెళ్ళేవాళ్ళు ఆ మూడింట్లో ఏదో ఒకదాన్ని వేలితో నొక్కి వెళ్ళాలి. మూడేళ్ళలో నాలుగు వేల పైచిలుకు మంది నొక్కితే ఏడుపు మొహానికి పడ్డవి పదకొండు. అందులో కనీసం ఆరు, పొద్దున్నే తెర తుడిచే ఆయా గుడ్డ తగిలి పడ్డవని పెద్ద సిస్టర్‌కి తెలుసు.

నవ్వు మొహం కాక మరేం నొక్కుతారు పాపం! లోపల, తాళం వేసిన గదిలో, పొగలు కక్కే చల్లటి ట్యాంకులో వాళ్ళ పిండాలున్నాయి. రేపు వాటిని బయటికి తీసి కడుపులో పెట్టాల్సింది ఈ చేతులే. అలాంటి చేతులతో తగువెవరు పెట్టుకుంటారు? వాన వస్తే కప్పు కారినా, మూడు గంటలు కూర్చోబెట్టినా, పేరు మార్చి పిలిచినా, పోతూ పోతూ బుద్ధిగా నవ్వు మొహం నొక్కి పోయేవాళ్ళు. ఆ నొక్కుళ్ళన్నీ పోగేసి, రంగు కాగితం మీద అచ్చు వేయించి, డాక్టర్ల సంఘానికి పంపించారు. సంఘంవాళ్ళు మురిసిపోయి, 'రోగే కేంద్రంగా వైద్యం' అని ఒక బహుమతి ప్రకటించారు. శనివారం సాయంత్రం వేరే ఊళ్ళో సభ. ఆదివారం ఉపన్యాసం.

బహుమతి పెద్ద డాక్టరుకి. ఆయన గురించి చెప్పాలంటే పెద్ద సిస్టర్‌కి ఒక పూట చాలదు. రోగికీ డాక్టరుకీ మధ్య బల్ల ఉంటే అది గోడలాంటిదని ఏ సదస్సులోనో విని వచ్చి, ఆ మర్నాడే బల్ల అవతలికి నెట్టించి, కుర్చీ తెచ్చి రోగి పక్కన వేసుకున్నాడు. వేసుకుని ఏం చేశాడయ్యా అంటే, ఆ కుర్చీలో కూర్చుని ఫోను చూసుకునేవాడు. 'మీకేమనిపిస్తోంది?' అని ప్రతి ఆడమనిషినీ అడిగేవాడు. ఆమె ఏమనిపిస్తోందో చెప్పడం మొదలుపెట్టేసరికి కళ్ళు గోడ గడియారం మీదుండేవి. ఏడో నిమిషంలో భుజం తట్టేవాడు. ఆ తట్టుడు పడిందంటే ఇక లేవమని అర్థం.

ఆయనకి తోడు ఒకావిడ. రోగుల అనుభూతిని చూసుకునే మేనేజరట. అనుభూతిని చూసుకోవడానికి కూడా మనిషిని పెడతారా అని పెద్ద సిస్టర్ మొదట్లో ముక్కున వేలేసుకుంది. ఎవరేం చెప్పినా ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టేది కాబట్టి స్టాఫంతా ఆవిడకి నవ్వులమ్మ అని పేరు పెట్టారు. ఎవరితో ఏం మాట్లాడాలో కాగితాల మీద రాసి ప్రతి టేబుల్‌కీ అంటించింది నవ్వులమ్మే. 'అండాలు దొరకలేదు' అనకూడదు, 'ఈసారి మీ శరీరం విశ్రాంతి కోరుకుంది' అనాలి. 'తెలియదు' అనకూడదు, 'మీ ప్లాన్ మీ కోసమే తయారైంది, నిశ్చింతగా ఉండండి' అనాలి. గోడల నిండా పెద్దపెద్ద అక్షరాలతో 'మొదటి నుంచి చివరిదాకా ఒకే డాక్టరు' అని రాయించింది కూడా ఆవిడే.

పెద్ద సిస్టర్ ఇరవై రెండేళ్ళుగా అక్కడే పని చేస్తోంది. నోరు పెద్దదని పేరు. టీ గదిలో కూర్చుందంటే పెద్ద డాక్టరునీ నవ్వులమ్మనీ ఉతికి ఆరేసేది. వినేవాళ్ళు కడుపుబ్బ నవ్వేవాళ్ళు. ఆ గది తలుపు దాటి ఆ నోరు ఎప్పుడైనా బయటికి వచ్చిందా అంటే, అది వేరే సంగతి.

ఆ రోజుల్లో అక్కడికి వస్తున్నవాళ్ళలో వాచీలమ్మాయి ఒకతె. అమ్మాయంటే మరీ చిన్నదేం కాదు, ముప్ఫై తొమ్మిదేళ్ళు. బస్టాపు వెనక సందులో తండ్రి పెట్టిన వాచీల రిపేరు షాపు నడుపుతుంది. కంటికి భూతద్దం పెట్టుకుని ఆవగింజంత మర సరిచేసే చెయ్యి. అందుకే కాబోలు, పొట్టలో ఇంజెక్షను తనే పొడుచుకునేది, చెయ్యి వణికేది కాదు. సాయంత్రం ఏడుంబావుకంటే ఏడుంబావుకే. ఏ మందు ఏ నిమిషంలో వేసుకుందో ఒక చిన్న నోటుపుస్తకంలో రాసుకునేది. మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. మందుల ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని చుట్టూ వేసి, వరండాలో గంటలు గంటలు కూర్చునేవాడు.

రెండున్నరేళ్ళలో రెండుసార్లు ప్రయత్నం చేశారు, రెండుసార్లూ నిలవలేదు. ఇది మూడోది, ఇదే చివరిది. ఒంట్లో అండాల నిల్వ అడుగంటుతోందని, ఇంకో ఆర్నెల్లు ఆగితే అదీ ఉండదని రక్తపరీక్ష చెప్పేసింది. దాచిపెట్టిన పిండం ఒక్కటి కూడా ట్యాంకులో లేదు. ఈసారి వచ్చినవే వచ్చినట్టు.

గురువారం పొద్దున స్కాను. తీసింది చిన్న డాక్టరమ్మ, పెద్ద డాక్టరు దగ్గర నాలుగేళ్ళుగా పని నేర్చుకుంటున్న పిల్ల. అండం పెరిగే నీటి బుడగలు నాలుగు కనిపించాయి. ఒకటి ఇరవై మిల్లీమీటర్లు, రెండు పంతొమ్మిది, ఒకటి పద్దెనిమిది. పెద్ద సిస్టర్ ఆ కొలతలు ఫైల్లో రాసి, పక్కన టైము వేసింది. పదకొండున్నర.

ఇక దీనికి డాక్టరీ చదవక్కర్లేదు. ఇరవై రెండేళ్ళు ఆ గదిలో నిలబడ్డ ఎవరికైనా తెలుస్తుంది. బుడగలు ఆ సైజుకి వచ్చాయంటే అండాలు పండినట్టు. ఆ సాయంత్రమే చివరి ఇంజెక్షను ఇవ్వాలి, ఇచ్చిన ముప్ఫై ఆరు గంటలకి సూదితో అండాలు బయటికి తీయాలి. ఆలస్యం చేస్తే బుడగ దానంతటది పగిలిపోతుంది, అండం ఎటు పోయిందో వెతికినా దొరకదు. అంటే గురువారం సాయంత్రం ఇంజెక్షను, శనివారం పొద్దున అండాలు. చిన్నపిల్లని అడిగినా చెప్పే లెక్క.

పెద్ద డాక్టరు ఫైలు చూశాడు. శనివారం పొద్దున విమానం ఆయనకి. పగలకుండా ఆపే మందు ఇంకో రెండ్రోజులు పొడిచి, శనివారం చివరి ఇంజెక్షను ఇవ్వమని, సోమవారం పొద్దున వచ్చి తనే తీస్తాననీ చెప్పాడు. ఆ మందు కొన్నిసార్లు ఆపుతుంది, కొన్నిసార్లు ఆపదు. అది ఆయనకీ తెలుసు. పెద్ద సిస్టర్‌కి ఒళ్ళు మండింది. అయినా మర్యాదగానే అడిగింది.

"సార్, ఇరవై వచ్చేసింది. శనివారం చిన్న డాక్టరమ్మ తీస్తుంది కదా. నిరుడు మీకు నడుం పట్టేసినప్పుడు తొమ్మిదిమందికి ఆవిడే తీసింది."

ఆయన వేలెత్తి గోడ మీది అక్షరాలు చూపించాడు. "మనం మాటిచ్చాం సిస్టర్. మొదటి నుంచి చివరిదాకా నేనే. ఆవిడ నన్ను నమ్మి వచ్చింది. తీరా ఆ రోజుకి ఇంకెవరో చెయ్యి వేస్తే ఆవిడ మనసుకి ఎలా ఉంటుంది? పేషెంటు వైపు నుంచి ఆలోచించాలి మనం."

పేషెంటు వైపు నుంచి ఆలోచించినవాడు పేషెంటుని అడిగిన పాపాన పోలేదు. ఆవిడ అప్పటికి ఇంకా రెండు గోడల అవతల, వరండాలో మొగుడి పక్కనే కూర్చుని ఉంది. కేకేస్తే వినపడే దూరం. కానీ ఆ మాట అడిగితే ఆవిడ చిన్న డాక్టరమ్మకి సరే అంటుంది. ఆవిడ సరే అంటే గోడ మీది రాత అబద్ధమవుతుంది. బహుమతి తీసుకోబోయే ముందు అంత ఖర్మ ఎవరికి కావాలి?

పెద్ద సిస్టర్ పళ్ళు కొరుక్కుంటూ తన టేబుల్ దగ్గరికి వచ్చింది. ఈలోపు నవ్వులమ్మ వెళ్ళి, మీకు సోమవారం ఖరారైందని ఆ మొగుడూ పెళ్ళాలకి చెప్పి పంపించేసింది. సరిగ్గా పన్నెండింటికి ఫోను మోగింది. వాచీలమ్మాయి. షాపు తలుపు కూడా తీయలేదట, మెట్ల మీద నిలబడి చేస్తోందట.

"సిస్టర్, పోయినసారి పద్దెనిమిదికే చివరి ఇంజెక్షను ఇచ్చారు. నా పుస్తకంలో ఉంది. ఇప్పుడు ఇరవై అని స్కాన్‌లో విన్నాను, మళ్ళీ రెండ్రోజులు ఆగమంటున్నారు. ఆగొచ్చా?"

ఆగకూడదు. ఒక్క మాట. ఆ ఒక్క మాట నాలుక చివరిదాకా వచ్చింది. చిన్న డాక్టరమ్మ చేతే తీయించమని గట్టిగా అడుగు తల్లీ అంటే ఆవిడ అడిగి ఉండేది. అలాంటి మనిషే. కానీ డాక్టరు చెప్పినదాన్ని కాదని నర్సు పేషెంటుతో చెప్పకూడదు. ఇరవై రెండేళ్ళ నాడు ఎవరో నేర్పిన పాఠం అది, ఎముకల్లో పట్టేసింది. టేబుల్ మీద అంటించిన కాగితం ఎదురుగానే ఉంది. నవ్వులమ్మ రాతని చూసి టీ గదిలో నూరుసార్లు నవ్విన పెద్ద సిస్టర్, ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివింది.

"మీ ప్లాన్ మీ కోసమే తయారైందమ్మా. నిశ్చింతగా ఉండండి."

"మీరు చెప్తే సరే" అని ఫోను పెట్టేసింది వాచీలమ్మాయి.

శనివారం సాయంత్రం స్టాఫందరి ఫోన్లలోకీ ఫోటో వచ్చింది. పెద్ద డాక్టరు మెడలో శాలువా, చేతిలో గాజు పలక, పక్కన నవ్వులమ్మ పళ్ళు. ఆదివారం ఉపన్యాసం వీడియో వచ్చింది. రోగి మాట వినడమే సగం వైద్యమని ఆయన సెలవిచ్చాడు. చప్పట్లు దంచేశారు.

సోమవారం పొద్దున వాచీలమ్మాయిని బల్ల మీద పడుకోబెడుతుంటే, శనివారం మధ్యాహ్నం ఒకటీ ఇరవైకి కుడివైపు కలుక్కుమందని, ఓ గంటకి సర్దుకుందని మామూలుగా చెప్పింది. ఆ సాయంత్రం సరిగ్గా ఏడుంబావుకి చివరి ఇంజెక్షను పొడుచుకున్నాను, ఇబ్బందేం లేదుగా అని అడిగింది. పెద్ద సిస్టర్ మనసులో లెక్క కట్టుకుంది. పొడుచుకోవడానికి ఆరు గంటల ముందే జరగాల్సింది జరిగిపోయింది.

మత్తు ఇచ్చారు. పెద్ద డాక్టరు స్కాను పెట్టాడు. నాలుగు బుడగల్లో మూడు లేవు, నీళ్ళు చెదిరి ఉన్నాయి. నాలుగోదాన్ని సూదితో పొడిచి నీళ్ళు లాగి, గోడలోని చిన్న కిటికీలోంచి ల్యాబుకి అందించారు. ల్యాబులో ఉన్నాయన మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, 'లేదు' అన్నాడు. మళ్ళీ చూడమన్నారు. మళ్ళీ చూసి, మళ్ళీ అదే మాట అన్నాడు. పెద్ద డాక్టరు చేతులకున్న గ్లోవ్స్ తీసేసి, "వయసు" అని చేతులు దులుపుకున్నాడు.

మెలకువ వచ్చాక నవ్వులమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఈసారి మీ శరీరం విశ్రాంతి కోరుకుందని చెప్పింది. అర్థం కాక మొగుడు, అంటే ఎన్ని వచ్చాయండీ అని అడిగాడు. ఆవిడ అదే వాక్యం మళ్ళీ చెప్పింది. అతను భార్య వైపు చూశాడు. ఏమీ రాలేదట అని ఆమే అతనికి చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత పెద్ద డాక్టరు వచ్చి, ఇందులో ఎవరి తప్పూ లేదన్నాడు, భుజం తట్టాడు, గాజు పలకతో ఫోటో తీయించుకోవడానికి కిందికి వెళ్ళిపోయాడు. సిగ్గూ శరం ఉన్న మనిషైతే ఆ పలక ఆ రోజుకైనా సంచిలోంచి తీసేవాడు కాదు.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ గుమ్మం దగ్గరికి వచ్చారు. మొగుడి చేతిలో ఖాళీ ఐసు డబ్బా. పెద్ద సిస్టర్ పని కల్పించుకుని మరీ అక్కడ నిలబడింది. ఈవిడకి ట్యాంకులో ఏమీ లేదు, ఇక్కడ ఎవరికీ భయపడక్కర్లేదు. ఇవాళైనా ఆ ఏడుపు మొహం మీద ఒక నిజమైన వేలు పడుతుంది, వీళ్ళ శాలువాలు తగలెయ్య, అని కసిగా ఎదురుచూసింది.

వాచీలమ్మాయి తెర ముందు ఆగింది. మూడు మొహాల్నీ కాసేపు చూసింది. చూసి, నవ్వు మొహం నొక్కింది.

పెద్ద సిస్టర్ తెర వంకా ఆమె వంకా మార్చి మార్చి చూసింది. ఆ చూపు గమనించి కాబోలు వాచీలమ్మాయి దగ్గరికి వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

"డాక్టరుగారికి కాదు సిస్టర్, మీకు. ఇన్నాళ్ళలో నాతో ఉన్నదున్నట్టు మాట్లాడింది మీరొక్కరే."

ఆ మాటకి నవ్వి తలూపి పంపించేయొచ్చు. పెద్ద డాక్టరైతే భుజం తట్టేవాడు. నవ్వులమ్మైతే పళ్ళు చూపించేది. తనకీ వాళ్ళకీ తేడా ఏముందని వెతుక్కుంటే పెద్ద సిస్టర్‌కి ఏమీ దొరకలేదు. వాళ్ళకి కనీసం టీ గదిలో వీరంగాలు లేవు. తన మీద తనకే ఉమ్మేయాలన్నంత రోత పుట్టింది.

"శనివారమే తీయాల్సిందమ్మా" అంది. "అప్పటికే పండాయి. ఆయన ఊళ్ళో ఉండడని ఆపారు. చిన్న డాక్టరమ్మ తీసేది. నాకు తెలుసు."

మొగుడు ఐసు డబ్బా నేల మీద పెట్టేశాడు. వాచీలమ్మాయి అరవలేదు, ఏడవలేదు. వాచీ ఎక్కడ ఆగిపోయిందో చూసే మనిషిలా కొంచెం ముందుకి వంగింది.

"మీకెప్పుడు తెలుసు?"

"గురువారం."

"గురువారం ఎన్నింటికి?"

"పదకొండున్నరకి."

ఆమె సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసింది. పేజీలు తిప్పింది. ఒక గీత దగ్గర వేలు ఆగింది. ఆ వేలు తియ్యకుండానే తలెత్తి చూసింది.

"నేను మీకు ఫోన్ చేసింది పన్నెండుకి" అంది.