వెనక బొత్తాల గౌను

పాలు మరిపించడం అంటారు. ఏళ్ల తరబడి నాకు ఈ మాట మీదే సందేహం. మాన్పించడం అంటే అర్థమవుతుంది, ఇవ్వడం ఆపేస్తే ఎవరైనా మానతారు. మరిచిపోయారని మాత్రం ఎలా తెలుస్తుంది? దీపం పెట్టినప్పుడల్లా దేవుణ్ణి అడిగేదాన్ని. మగవాడు కదా, ఆయనకీ తెలియదేమో అనిపించేది. వెంటనే లెంపలేసుకునేదాన్ని.

మా పెద్దది మాటలన్నీ వచ్చాక కూడా పాలు తాగింది. "బళ్లో వేసే పిల్లకి ఇంకా పాలా? సిగ్గు లేదూ తల్లీకూతుళ్లకి!" అనేది అత్తయ్య. "కూర్చుని ఇవ్వడమేగా, ఇంతోటిదానికి అలసటేమిటే" అనేవారు మా ఆయన. ఒక చేత్తో పిల్లని పట్టుకుని, ఆ కూర్చున్న చోటే చిక్కుళ్లు వలిచేదాన్ని. అది ఆయనకి కనిపించేది కాదు. కుట్టుపని చేసే చోట ఒకరోజు నా రవిక పాలతో తడిసింది. "కుళాయి కట్టెయ్యమ్మా, బట్ట పాడైపోతుంది" అన్నాడు మేస్త్రీ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో ఇప్పటికీ తెలియదు.

అప్పుడే అత్తయ్య ఉపాయం చెప్పింది. "బొత్తాలు వెనక్కి పెట్టి గౌను కుట్టుకో. దారి కనబడకపోతే అదే ఊరుకుంటుంది." కుట్టుకున్నాను. ఇంటిల్లిపాదికీ బట్టలు కుట్టే నేను, నా బొత్తాలు నేనే పెట్టుకోలేని గౌను అది. పొద్దున్నే అత్తయ్యే పెట్టేది, తలుపుకి గొళ్లెం పెట్టినట్టు.

పిల్ల ముందంతా తడిమి చూసింది. తర్వాత నా వెనక్కి వెళ్లి, వీపు మీద చెయ్యేసి, "అమ్మా, పాలు ఇటెళ్లాయా?" అంది. ఇల్లంతా పకపకలు. "ఇంకొక్కసారే అమ్మా" అని వెక్కుతుంటే, "రేపిస్తాలే" అన్నాను. ఆ రేపు రాలేదు. కొన్నాళ్లకి అడగడం మానేసింది. "చూశావా, మరిచేపోయింది" అంది అత్తయ్య.

ఇప్పుడు చిన్నాడి వంతు. వాడికీ మాటలొచ్చేశాయి. ఇవాళ పొద్దున అత్తయ్య పెట్టె అడుగు నుంచి అదే గౌను తీసింది. "తొడుక్కో. మగపిల్లాడు, ఇంకా ఒళ్లో పడుకోవడమేమిటి?" తొడుక్కున్నాను. ఆవిడకిప్పుడు చూపానడం లేదు. "మీ అమ్మకి బొత్తాలు పెట్టవే" అని పెద్దదాన్ని పిలిచింది.

అది కింది బొత్తం పెట్టి ఆగిపోయింది. దాని అరచెయ్యి వీపుకి వెచ్చగా తగిలింది.

"ఇక్కడే కదమ్మా నేను వెతికింది?"

"నీకు గుర్తుందా?"

"పాలు గుర్తులేవు. వెతకడమే గుర్తుంది. రేపిస్తానన్నావు."

నా సందేహానికి జవాబు నా వెనకే పెరుగుతోందన్నమాట.

"ఆ బొత్తం విప్పెయ్" అన్నాను.

"ఇదేం విడ్డూరమే! వాడెప్పటికి మానతాడు?" అంది అత్తయ్య.

"చెబితే వినే వయసే అత్తయ్యా. ఎప్పుడు ఆపాలో వాడూ నేనూ మాట్లాడుకుంటాం. వాణ్ణి వెతికించను."

వంటింట్లోకి వెళ్లి, చెంచాలోకి కాసిని పాలు పిండి పెద్దదాని చేతికిచ్చాను. అది ముందు వాసన చూసింది. తర్వాత నాలుక కొసతో తాకింది, వేడేమో అన్నట్టు.

"తియ్యగానే ఉన్నాయి. నువ్వెప్పుడూ తాగి చూడలేదా?"

లేదు. ఇన్నేళ్లు ఇచ్చాను గానీ, రుచి చూడాలని ఒక్కసారీ తోచలేదు. చెంచాలో సగం నాకు ఉంచింది. తాగాను. నిజమే, తియ్యగానే ఉన్నాయి.

అది చెంచా కడిగి బోర్లించి, "సరే అమ్మా, ఆ రేపు తీరిపోయింది" అంది.