నీళ్లు చల్లని నూరుడు

కల్వం కడిగి, తుడిచి, అప్పటికే ఎండలో పెట్టి వచ్చింది లక్ష్మమ్మ. సిద్దిపేటలోని ఆ డిగ్రీ కాలేజీలో రసాయనశాల తలుపులు రోజూ తెరిచేది ఆమే. తెరవగానే సీసాల ఘాటు గుప్పున ముఖాన కొడుతుంది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీలు తీయడం, ఆ తర్వాత దగ్గు, ఆ తర్వాతే చీపురు. సన్నటి మనిషి. వేళ్ల కొసలు మాత్రం ఆమ్లాలు తగిలి తగిలి గరుకు తేలాయి. ఆ దగ్గు గురించి ఎవరికీ చెప్పుకున్న పాపాన పోలేదు.

ఇవాళ ఆమెకు ఆఖరి రోజు. సోమవారం నుంచి ఈ పనిలోకి కోడలు నవత వస్తుంది. నవత కడుపుతో ఉంది. వద్దంటే వినదు, ఇల్లు గడవాలి మరి. ఆ ఘాటు కడుపులో బిడ్డకు తగులుతుందేమోనని లక్ష్మమ్మకు ఒకటే బెంగ.

రసాయనశాస్త్రం చెప్పే శైలజ మేడమ్ కొత్త పద్ధతి తెచ్చారు. ఘాటు ద్రావకాలు వద్దు, మంట వద్దు. రెండు మందులు, కాస్త సోడా వేసి కల్వంలో నూరితే పొడి తేలుతుందట. "మధ్యాహ్నం వస్త. పొడి కనపడితే పాత సీసాలు తీసేద్దాం, లేకుంటే ఎప్పటి తీరే," అని తేల్చేశారు కాలేజీ పెద్దసారు.

నూరుడు తనకు రోజూ ఉన్న పనేనని, చేతులకు తొడుగులు వేసుకుని లక్ష్మమ్మే నూరింది. ముద్ద చిక్కబడి బండకు అంటుకుంది. రోజూ ఎల్లిపాయ కారం నూరే చెయ్యి, ఊరుకుంటుందా? పక్క గిన్నెలోంచి చటుక్కున నీళ్లు చల్లింది. ముద్ద కాస్తా జావైపోయింది. ఎంత నూరినా గట్టిపడితే ఒట్టు.

"నీళ్లెందుకు చల్లినవు లక్ష్మమ్మా?"

"చెయ్యి ఆగలే మేడమ్. ఇంట్ల గట్లనే నూరుత."

కళ్లలో నీళ్లు తిరిగాయి. మోచేత్తో తుడుచుకుంది.

"ఇంకోపారి తూకమెయ్యిండ్రి. గా గిన్నె అవతల పెట్టుండ్రి."

"చెయ్యి నొస్తదేమో."

"నొయ్యనియ్యిండ్రి."

కల్వాన్ని పొట్టకు ఆనించుకుని, భుజం బలమంతా పెట్టి తిప్పింది. దగ్గు తెర వచ్చింది. ముఖం పక్కకు తిప్పి దగ్గింది గానీ చెయ్యి ఆపలేదు. ముద్ద మళ్లీ అంటుకుంది, మొండికేసింది. ఆమె అంతకన్నా మొండిది. మెల్లగా పసుపు తిరిగి, గట్టిపడి, పొడిపొడిగా రాలింది.

"ఇగ పొయ్యి నీళ్లు," అని మేడమ్ నవ్వారు. ఇప్పుడు పొడిని కడగాలట. లక్ష్మమ్మ కూడా నవ్వింది.

పెద్దసారు ఆరిన పొడిని వెలుతురుకు పట్టి చూసి, సీసాలు తీయించమన్నారు. సాయంత్రం ఆటోలో చింతమడక చేరిన లక్ష్మమ్మ చెప్పులు విడవకముందే కోడలితో అంది: "ముద్ద అంటుకుంటే నీళ్లు చల్లకు బిడ్డా. నూరుకుంటనే ఉండు."

వానలు మొదలయ్యాక దగ్గు ముదిరింది. ఒక తెల్లవారుజామున, దవాఖానలో, నిద్రలోనే లక్ష్మమ్మ పోయింది.

దినాలయ్యాక నవత మళ్లీ పనికి వెళ్లి రసాయనశాల తలుపులు తెరిచింది. అత్త గుర్తొచ్చి, ఆమెలాగే కొంగు ముక్కు దాకా తెచ్చి, అక్కర్లేదని వదిలేసింది. బల్ల మీద కల్వం బోర్లించి ఉంది. తిప్పి చూస్తే, ఎంత కడిగినా పోని పసుపు అడుగున అలాగే ఉంది.