రాగులవ్వ గొంతు

ఎడ్విన్ అన్నం పళ్లెం ముందు కూర్చుని ఫోన్‌లోకి చూస్తున్నాడు. తెర మీద రంగులు గిర్రున తిరిగాయి. చెవులు చిల్లులు పడేలా డప్పులు మోగాయి. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న నీలం మబ్బు ఒకటి గాల్లో పల్టీ కొట్టి, "హాయ్ ఫ్రెండ్స్! నేనే మీ సూపర్ తునక!" అంది.

ఎడ్విన్ కాసేపు చూశాడు. ఫోన్‌ను నేల మీద బోర్లించాడు.

"అవ్వ యాడ?" అని అడిగాడు.

అక్క సుజాత కలిపిన ముద్ద ఆమె చేతిలోనే ఆరిపోయింది. "రేపొస్తాదిలే, తిను నాయనా," అంది. నిన్న కూడా అదే చెప్పింది.

తమ్ముడికి ఇరవై ఆరేళ్లు. మీసాలొచ్చాయి, అక్క కంటే జానెడు ఎత్తు పెరిగాడు, మనసు మాత్రం నాలుగైదేళ్ల పిల్లవాడి దగ్గరే ఆగిపోయింది. ఆరేళ్లొచ్చేదాకా నోట మాట లేదు. వాడికి మాట నేర్పింది బళ్లో పంతుళ్లు కాదు, డాక్టర్లూ కాదు. టీవీలో వచ్చే ఒక బొమ్మల కథ.

దాని పేరు 'తునకమబ్బు'. హైదరాబాదులో నలుగురు స్నేహితులు కలిసి గీసిన కథ అది. పెద్ద మబ్బు నుంచి తెగిపోయిన చిన్న తునక ఒకటి, తనవాళ్లను వెతుక్కుంటూ ఊరూరా తిరుగుతుంది. ఏ ఊళ్లో దిగినా అక్కడో కొట్టం ముందు రాగులవ్వ చేటలో రాగులు చెరుగుతూ కూర్చుని ఉంటుంది. అన్ని ఊళ్లలోనూ అదే అవ్వ ఎట్లా ఉంటుందని చూసే పిల్లలెవరూ అడగలేదు. అవ్వ తలెత్తి మబ్బును చూసి, "ఏం రా మబ్బోడా, కూడు తిన్న్యావా? కడుపు సల్లగుండాదా? అట్లయితే పా, ఊరు సూసొద్దాం," అనేది. టీవీలో అందరూ ఒకే రకం తెలుగు మాట్లాడే ఆ రోజుల్లో, తమ ఇంటి వసారాలో వినపడే మాట ఆ పెట్టెలోంచి వినపడటం ఈ జిల్లా పిల్లలకు అదే మొదలు. అందుకే నంద్యాల, ఆళ్లగడ్డ పిల్లలకు రాగులవ్వ అంటే అంత ప్రాణం.

వాళ్లమ్మ జయమ్మ ఆళ్లగడ్డలో మిషన్ హాస్టల్లో వంట చేసేది. సాయంత్రం పని ముగించుకుని వచ్చి, కొడుకును ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ కథ చూసేది. అవ్వ అడిగినప్పుడల్లా తానూ అవ్వతో కలిసి అడిగేది. ఒకరోజు ఎడ్విన్ అమ్మ గడ్డం పట్టుకుని, "కూడు తిన్న్యావా?" అన్నాడు. జయమ్మ ఏడుస్తూ హాస్టల్ దాకా పరుగెత్తి ఆ సంగతి అందరికీ చెప్పింది.

రెండేళ్ల కింద జయమ్మ వంటశాలలోనే గుండె పట్టుకుని కూలిపోయింది. అంత్యక్రియల రోజు ఎడ్విన్‌ను ఏం చేయాలో సుజాతకు తోచలేదు. శవపెట్టెను చూస్తే బెదిరిపోతాడని, పక్కింట్లో కూర్చోబెట్టి, చేతికి ఫోనిచ్చి, తునకమబ్బు పెట్టి పోయింది. తర్వాత, "అమ్మ ప్రభువు దగ్గరికి పోయింది," అని చెప్పింది. వాడు తలూపాడు. అమ్మ అప్పుడప్పుడూ ఆత్మకూరు పోయేది, మళ్లీ వచ్చేది. ఇదీ అలాంటిదే అనుకున్నాడు.

ఆ పైన తమ్ముడిని తానుండే నంద్యాలకు తెచ్చుకుంది. ఆమె ప్రైవేటు స్కూల్లో టీచరు. పెళ్లి సంగతి ఎప్పుడో పక్కన పెట్టేసింది. బడి ఎదురుగా విజయభాస్కర్‌కు పుస్తకాల అంగడి ఉంది. పగలంతా ఎడ్విన్ అక్కడ స్టూలు మీద కూర్చునేవాడు. భాస్కర్‌కూ చిన్నప్పటి నుంచి తునకమబ్బంటే పిచ్చి. బేరాలు లేని వేళ ఇద్దరూ అందులో మాటలే మాట్లాడుకునేవాళ్లు. ఒకడు మబ్బు, ఒకడు అవ్వ. వచ్చిన పిల్లలు పెన్సిళ్లు కొనడం మర్చిపోయి నవ్వుతూ నిలబడేవాళ్లు. ఇంటికొచ్చాక పళ్లెం ముందు ఫోన్ పెడితే, అవ్వ అడిగేది, ఎడ్విన్ తినేవాడు. అవ్వ అడగకపోతే ముద్ద ముట్టేవాడు కాదు.

ఎండాకాలం సెలవుల ముందు ఒక మధ్యాహ్నం భాస్కర్ పాలిపోయిన ముఖంతో బడి గేటు దగ్గరికే వచ్చాడు.

"అమ్మేసినారక్కా."

"ఏంది?"

"తునకమబ్బును. బొంబాయి కంపెనీ కొనుక్కునింది. పేరు, బొమ్మలు, పాటలు, అంతా. ఇంగ కొత్తగా తీస్తారంట."

"తీస్తే తీయనీ. పాతవి యాడికి పోతాయి?"

పాతవి నిజంగానే పోయాయి. ముందు టీవీలోంచి పోయాయి, తర్వాత ఫోన్‌లోంచి. ఎవరెవరో దాచి పెట్టుకుని పైకెక్కించినవి కూడా కొత్త కంపెనీ ఒక్కొక్కటే తీయించేసింది. తెర మీద నల్లటి గడి, అందులో 'ఈ వీడియో లేదు' అనే తెల్లటి అక్షరాలు మిగిలాయి.

ఆ ఆదివారం సాయంత్రం భాస్కర్ అంగట్లో అభిమానులంతా కూడారు. ఫోన్ గ్రూపులో మాటలతో సరిపెట్టుకునేవాళ్లు తొలిసారి ముఖాలు చూసుకున్నారు. గోస్పాడు నుంచి బస్సు కండక్టరు యోహాను వచ్చాడు. సున్నిపెంట నుంచి డ్యాం ఆఫీసు గుమాస్తా ఒకాయన వచ్చాడు. పొట్టలొచ్చినవాళ్లు, జుట్టు పలచబడ్డవాళ్లు, చంకలో బిడ్డను ఎత్తుకున్న తల్లులు. బయటి నుంచి చూసేవాళ్లకు నవ్వొచ్చే సంగతే. లోపల మాత్రం ఎవరూ నవ్వలేదు.

"మా నాయనకు పక్షవాతమొచ్చి మంచాన పడిన ఏడు నన్ను నవ్విచ్చింది ఇదొకటే," అన్నాడు యోహాను. "వాళ్లకు తెలుసునా అది?"

"వాళ్ల ఆస్తి, వాళ్లమ్ముకున్యారు," అన్నాడు గుమాస్తా. "మనం యాడ అడ్డం పడతాం అప్పా?"

"అమ్ముకోనీ," అని భాస్కర్ గట్టిగా అన్నాడు. "కొన్నోడు కొత్తది చేసుకోనీ. పాతదాన్ని పూడ్చిపెట్టడమెందుకని అడుగుతాండా."

అందరూ కలిసి కంపెనీకి రాశారు. అవ్వను ఉంచమన్నారు, లేదంటే పాత కథలైనా ఒక మూల ఉండనివ్వమన్నారు. సుజాత తమ్ముడి గురించి కూడా రాసింది. వారం తిరక్కుండా అందరికీ ఒకటే జవాబు వచ్చింది. 'మీ ప్రేమకు ధన్యవాదాలు. సరికొత్త సూపర్ తునకతో మీ చిన్నారుల ఆనందం రెట్టింపు!' కింద నల్ల కళ్లద్దాల మబ్బు చెయ్యూపుతోంది.

కొత్త కథ మొదలైన రోజు భాస్కర్ తన ఏడేళ్ల కూతురు శ్రీవాణిని పక్కన కూర్చోబెట్టుకుని చూశాడు. పది నిమిషాలు ఓర్చుకుని ఆపబోతే ఆ పిల్ల చెయ్యి పట్టేసుకుంది.

"ఆపొద్దు నాయనా. ఇదే బాగుండాది. ఆ ముసలామె ఎప్పుడూ కూడు కూడు అంటాంటాది."

ఆ మాట సుజాతకు చెబుతూ భాస్కర్ నవ్వబోయాడు. కుదరక, పక్కకు తిరిగి నోటు పుస్తకాల కట్టలు సర్దుకున్నాడు.

ఎడ్విన్ తిండి తగ్గిపోయింది. యోహాను ఎప్పుడో టీవీ ముందు ఫోన్ పట్టుకుని తీసుకున్న వీడియో ముక్కలు కొన్ని పంపాడు. ఫ్యాన్ చప్పుడులో అవ్వ మాట సరిగ్గా వినపడదు, మధ్యలో తెగిపోతుంది. తెగిన చోటల్లా ఎడ్విన్ ఉలిక్కిపడేవాడు. రెండు రోజులకు వాటినీ వద్దని తోసేశాడు. సుజాత ఒకసారి గొంతు మార్చి అవ్వలాగా అడిగి చూసింది. వాడు అరచేత్తో ఆమె నోరు మూశాడు. "నువ్వు అక్కవి," అన్నాడు. కోపంగా కాదు, తప్పు దిద్దినట్టుగా.

చొక్కాలు వదులయ్యాయి. పొద్దస్తమానం కిటికీ దగ్గర నిలబడి రోడ్డు చూసేవాడు. డాక్టరు పరీక్షలన్నీ చేయించి, "ఏమీ లేదమ్మా, ఏదో బెంగ పెట్టుకున్నాడు," అన్నాడు.

అప్పుడు భాస్కర్‌కు తోచింది. రాగులవ్వకు గొంతిచ్చిన ఆమె ఎవరో కనుక్కోవాలని. గ్రూపులో అడిగితే తెలిసింది, ఆమె ఆళ్లగడ్డలోనే ఉందని. పేరు తులసమ్మ. ఒకప్పుడు రేడియో నాటకాలు వేసిన పంతులమ్మ.

"ఇన్నేండ్లు అదే ఊళ్లో ఉంటిమే, మాకు తెలీకపాయనే!" అంది సుజాత.

ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురూ ఆళ్లగడ్డ బస్సెక్కారు. అవ్వ దగ్గరికి పోతున్నామని చెప్పగానే ఎడ్విన్ ఇస్త్రీ చొక్కా అడిగి వేసుకున్నాడు. దారిలో ఒక్కసారి కూడా కిటికీ వైపు తిరగలేదు. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని ముందుకే చూస్తూ కూర్చున్నాడు. సుజాతకు భయం వేసింది. వాడి ముఖంలో అంత ఆశ చూసి ఎన్నాళ్లయిందో.

శిల్పుల షెడ్లు దాటాక సందులో ఇల్లు. తులసమ్మ మనవరాలు భవాని తలుపు తీసి లోపలికి పిలిచింది. మంచం మీద సన్నటి ముసలామె గోడకానుకుని కూర్చుని ఉంది. చేతిలో చేట లేదు, నెత్తిన కొప్పు లేదు. పళ్లన్నీ పోయి బుగ్గలు లోపలికి దిగిపోయాయి.

"ఆ కంపెనీవాళ్లు మీకు ముందే చెప్పినారా అవ్వా?" అని అడిగాడు భాస్కర్.

"ఎవరో పిల్ల ఫోన్ చేసి, ఇంగ రాబల్లేదు మేడం, అనింది. అంతే," అంది తులసమ్మ. గొంతు బొంగురుపోయి, గాలి ఎక్కువై, మాట ఒక్కొక్కటే వస్తోంది. "పోయినేడు గొంతులో గడ్డొస్తే కోసినారు లేప్పా. రమ్మన్నా పోయేదాన్ని కాదు."

ఈ గొంతును తమ్ముడు గుర్తుపట్టడని సుజాతకు తెలిసిపోయింది. అయినా ఇంత దూరం వచ్చారు. సంగతి చెప్పింది. తులసమ్మ విని, ఎడ్విన్‌ను మంచం పక్కన కూర్చోబెట్టుకుంది. గుటక వేసి, కళ్లు మూసుకుని, ఉన్న బలమంతా కూడదీసుకుంది.

"ఏం రా మబ్బోడా... కూడు తిన్న్యావా?"

చిల్లుపడిన పిల్లనగ్రోవిలో ఊదినట్టు వచ్చింది ఆ మాట. ఎడ్విన్ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత ఆమె వెనక గోడను చూశాడు, తలుపు వైపు చూశాడు.

"అవ్వ యాడ?" అని ఆమెనే అడిగాడు.

భవాని చీర కొంగు నోటికడ్డం పెట్టుకుంది. సుజాత లేచి, "వస్తాదిలే ఎడ్విన్, రేపు..." అని మొదలుపెట్టింది. తులసమ్మ చెయ్యెత్తి ఆపింది.

"వద్దమ్మా. అట్ల చెప్పొద్దు." ఎడ్విన్ చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "అవ్వ లేదు నాయనా. పోయింది. ఇంగ రాదు."

"రేపు?"

"రేపు గూడా రాదు. ఎప్పుడూ రాదు. నాకూ బాధగానే ఉండాది. ఏం చేస్తాం."

ఆమె కళ్ల నుంచి నీళ్లు ముడతల్లోకి జారాయి. ఎడ్విన్ వాటిని చాలాసేపు చూశాడు. వాడికి ఇట్లా ఎవరూ చెప్పలేదు. అందరూ రేపు అన్నవాళ్లే.

బయటికొచ్చాక సందు మొదట్లో ఆగిపోయాడు. అక్క కొంగు పట్టుకున్నాడు.

"అమ్మ గూడానా?"

సుజాత ఎండలోనే ఆగి వాడి వైపు తిరిగింది. ప్రభువు దగ్గర, పరలోకంలో, అని నోటి దాకా వచ్చిన మాటలను మింగేసింది. అవన్నీ ఆమె నమ్మినవే. కానీ వాడు అడుగుతున్నది అది కాదు.

"అమ్మ గూడా నాయనా. చచ్చిపోయింది. ఇంగ రాదు."

భాస్కర్ తల పక్కకు తిప్పుకున్నాడు. ఎడ్విన్ అక్క నడిపించినట్టే నడిచాడు. ఆమె బస్టాండు వైపు కాక సమాధుల తోట వైపు తిరిగింది. జయమ్మ సమాధి దగ్గర వాణ్ని నిలబెట్టి, రాతి మీద పేరు చూపించి, "అమ్మ ఈడుంది," అంది. ఎడ్విన్ వంగి బండ మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత నేల మీద కూలబడి ఏడ్చాడు. రెండేళ్లుగా ఏడవాల్సిన ఏడుపు అది. గొర్రెలు తోలుకుపోయేవాళ్లు గోడ అవతల ఆగి చూశారు. సుజాత వాణ్ని ఊరుకోమనలేదు. పక్కన కూర్చుని తానూ ఏడ్చింది. ఆ రోజు పక్కింట్లో ఫోన్ చూస్తూ కూర్చున్న పిల్లవాడికి తల్లి చావు ఇప్పుడు అందింది.

తర్వాత సూపర్ తునక బాగా ఆడింది. బడి తెరిచే నాటికి ఆ నల్ల కళ్లద్దాల మబ్బు బొమ్మ ఉన్న సంచులే కావాలని పిల్లలు ఏడిస్తే, భాస్కర్ అవే తెప్పించి గుమ్మానికి వేలాడదీశాడు. గ్రూపులో మాటలు తగ్గిపోయాయి. పండగల పూట దండాలు, పుట్టినరోజు దీవెనలు మిగిలాయి. తులసమ్మ వానలు పడేలోగా కన్నుమూసింది. ఏ పేపర్లోనూ రాలేదు. యోహాను సెలవు పెట్టుకుని పోయి పాడె పట్టాడు.

ఎడ్విన్ తింటున్నాడు. మునుపంత కాదు, తింటున్నాడు. తునకమబ్బు మాటలు మాత్రం వాడి నోట మళ్లీ రాలేదు. స్టూలు మీద కూర్చుంటే గమ్మున కూర్చుంటాడు. భాస్కర్ మబ్బులాగా పలకరిస్తే చిన్నగా నవ్వి, వీధి వైపు తిరుగుతాడు. నేర్చుకున్న మాటలన్నీ పోగా మిగిలినవి కొన్నే.

నెలకోసారి ఆదివారం అక్కా తమ్ముడూ ఆళ్లగడ్డ సమాధుల తోటకు పోతారు. చలి మొదలైన నెలలో ఒకసారి, సుజాత ఎండుటాకులు ఊడుస్తుంటే ఎడ్విన్ అడిగాడు.

"అక్కా, ఈ బండ సల్లగుండాది. అమ్మకు సలి గాదా?"

సుజాత చీపురు ఆపింది.

"ఎండ తగుల్తాది లే."

వాడు బండను చూశాడు. తన నీడ దాని మీద పడి ఉంది. లేచి, ప్యాంటు దులుపుకుని, అవతలి పక్కకు పోయి కూర్చున్నాడు.